మా ఇంటి దండం

నా చిన్నప్పుడు మా ఇంటి దండం నేనే. ఈ మాటను ఎట్లా విప్పి చెప్పాలో నాకు సరిగ్గా తెలియదు. నా చదువు నాలుగో తరగతితోనే ఆగిపోయింది, ఇట్లా కాగితం మీద రాయడం కూడా ఇదే మొదలు. అందుకని ఉన్నది ఉన్నట్టు, మొదటి నుంచి చెబుతాను.

మాది సిరిసిల్లలో నేతవాళ్ల వాడ. మా నాయిన గుంట మగ్గం నేసేవాడు. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. గుంట మగ్గం అంటే నేలలో గుంత తవ్వి, అందులో కాళ్లు వేలాడేసుకుని కూర్చుని నేసేది. కాళ్ల కింద తొక్కుడు చెక్కలుంటాయి. ఒక చేత్తో, అడ్డపోగు నూలు ఉండే నాడెను అటూ ఇటూ ఉరికించే తాడు లాగాలి, ఇంకో చేత్తో ఆ పోగును దగ్గరికి నెట్టే పలక కొట్టాలి. కాళ్లూ చేతులూ అన్నీ పనిలోనే ఉంటాయి. అట్లా కూర్చున్న మనిషి ఎవరైనా ఇంటికి వస్తే చప్పున లేచి నిలబడలేడు. అందుకే మా వాడలో ఒక పద్ధతి ఉండేది. పెద్దవాళ్లు గడపలో కాలు పెట్టగానే నేసే మనిషి మగ్గం ఆపాలి. ఆ చప్పుడు ఆగడమే అతని దండం. ఇక చేతులు జోడించే పని ఇంట్లో ఇంకెవరైనా చేయాలి. మా ఇంట్లో అది నా వంతు. ఎందుకంటే నేను గడప పక్కనే రాట్నం ముందు కూర్చుని నాయిన నాడెలోకి నూలు కండెలు చుట్టేదాన్ని. నాయిన మగ్గం ఆపుతాడు, నేను లేచి దండం పెడతాను. రెండూ కలిస్తేనే మా ఇంటి మర్యాద.

ఎవరికి ఎట్లా పెట్టాలో నాకు బాగా తెలుసు. పెద్దమ్మలకు, అత్తలకు కాళ్లు మొక్కాలి. కులపెద్ద వస్తే శనార్తి అనాలి. మాకు నూలు ఇచ్చి బట్ట తీసుకుపోయే సావుకారి వస్తే నడుము వంచి, తల నేల వైపు పెట్టి చేతులు జోడించాలి. పక్కింటి చాచాకు మాత్రం సలాం. చాచా దర్జీ. అరుగు మీద కుట్టు మిషను పెట్టుకుని పొద్దంతా కుడుతూ ఉండేవాడు. మా నాయిన మగ్గం చప్పుడు, చాచా మిషను చప్పుడు గోడకు ఇటూ అటూ మాట్లాడుకుంటున్నట్టు ఉండేవి. సలాం ఎట్లా చేయాలో నాకు నేర్పింది చాచానే. మొదట్లో నేను చేతిని జోరుగా నుదుటికి కొట్టుకునేదాన్ని.

"జర మెల్లగ బిడ్డా," అనేవాడు. "నీ నొసలేమన్న తలుపా, గట్ల కొడ్తవ్."

ఒకసారి అడిగాను, మీకు ఒక చెయ్యి, మాకు రెండు చేతులు ఎందుకని. చాచా మిషను ఆపి, చేతిసూదిని తలపాగా అంచుకు గుచ్చుకున్నాడు. వాళ్ల నాయిన చెప్పిన ముచ్చటట, నిజమో కాదో తనకు తెలియదట. వెనుకటి రోజుల్లో బాట మీద మనిషికి మనిషి ఎదురైతే భయమేనట. నడుముకు కత్తి ఉండేదట. కత్తిని దూసేది కుడిచెయ్యి. అందుకే కుడిచేతిని అందరికీ కనబడేటట్టు నుదుటి దాకా ఎత్తి, ఇందులో ఏమీ లేదు, నా నుంచి నీకు భయం లేదు, సుఖంగా ఉండు అని చెప్పేవాళ్లట. అదే సలాం అయిందట.

"మరి మాకు రెండు చేతులెందుకు?"

"మీరు ఇంక హుషారు. ఎడమ చెయ్యిని గూడ నమ్మరు."

లోపల మగ్గం మీద నాయిన నవ్వాడు. ఆ నవ్వుకు పలక దెబ్బ ఒకటి తప్పింది. నేను ఊరుకోలేదు. మరి మా నాయిన మగ్గం ఆపడం ఏమిటని అడిగాను. చాచా తలపాగా నుంచి సూది తీస్తూ చెప్పాడు.

"అదీ గంతే. చేతులల్ల ఉన్నది ఇడిశిపెట్టుడు. పని కంటె నువ్వే ఎక్కువ అని చెప్పుడు. ఇంటికొచ్చినోనికి మనిషి ఇంకేం ఇస్తడు బిడ్డా."

అప్పట్లో ఆ మాట ఒక ముచ్చటలాగా విన్నాను. అంతే.

మా అన్న జగిత్యాలలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేవాడు. తెలంగాణ కావాలని మొదటిసారి గొడవ లేచిన ఏడు అది. బళ్లు మూతబడ్డాయి. నా బడి కూడా మూతబడింది. మళ్లీ తెరిచారు గానీ నేను పోలేదు. అన్న ఇంటికి వచ్చాడు. వచ్చినవాడు ఎప్పటిలాగా నా జడ గుంజలేదు. గడపలో నిలబడి పిడికిలి పైకెత్తి, జై తెలంగాణ అన్నాడు. జగిత్యాలలో పిల్లలంతా ఇప్పుడు ఇట్లాగే పలకరించుకుంటారట. నాకూ నేర్పాడు. నా పిడికిలిలో బొటనవేలు లోపలికి పోయేది. దాన్ని బయటికి తీసి, వేళ్ల మీద పెట్టి సరిచేశాడు.

అన్న ఉన్నప్పుడే ఒకరోజు సావుకారి వచ్చాడు. నాయిన మగ్గం ఆపాడు. నేను లేచి నడుము వంచాను. అన్న స్తంభానికి ఆనుకుని అట్లాగే నిలబడి, "కూసో సావుకారి," అన్నాడు.

సావుకారి వాడిని పైనుంచి కింది దాకా చూశాడు. "ఏందిరా, జగిత్యాల నీళ్లు తాగినంక చేతులు లేస్తలేవా?"

"చేతులు లేస్తయి సావుకారి. నడుమే వంగుతలేదు."

సావుకారి నవ్వాడు. నవ్వి బట్ట కొలుచుకుని పోయాడు. ఆయన వీధి దాటాక నాయిన మగ్గం గుంతలో నుంచే, తల ఎత్తకుండా అన్నాడు. "నీ నడుము నిలవడ్డది, బాగనే ఉన్నది కొడుకా. నూలు రాకుంటె రేపు పొయ్యి మీదికి ఏమెక్కుతది?"

అన్న నా దగ్గరికి వచ్చి కూర్చుని, "దండం పెట్టద్దంటలేను. నిలవడి పెట్టు. వంగద్దంటున్న," అన్నాడు. నాకు రెండూ ఒకటే అనిపించింది, కానీ తల ఊపాను.

సాయంత్రం నేను చాచా అరుగు ముందుకు పోయి కొత్తగా నేర్చుకున్న పిడికిలి ఎత్తాను. చాచా కళ్లద్దాలు పైకి జరుపుకుని చూశాడు. నా వెనుక నిలబడ్డ అన్నను కూడా చూశాడు.

"ముట్టి బిగిస్తే అండ్ల ఏమున్నదో ఎట్ల కనవడ్తది కొడుకా?"

"ఏం లేదని చూపెట్టి చూపెట్టి యాష్టకొచ్చింది చాచా," అన్నాడు అన్న. "ఇగ జర ఏమన్న ఉన్నదనుకోనియ్యి."

చాచా పకపకా నవ్వాడు. ఇంత పొడుగు నాలుక ఉన్నోడివి వకీలువు అవుతావులే అన్నాడు. అన్న కూడా నవ్వాడు. నాకు గుర్తున్న వాడి చివరి నవ్వు అదే. కొన్నాళ్లకు మళ్లీ జగిత్యాల పోయాడు. అక్కడి నుంచి తోటిపిల్లలతో కలిసి పట్నం పోయాడు. ఆ పోవడం మాకు చెప్పలేదు.

పట్నంలో ఏం జరిగిందో మాకు సరిగ్గా చెప్పినవాళ్లు లేరు. ఒకరు ఒక మాట అన్నారు, ఇంకొకరు ఇంకో మాట అన్నారు. గుంపులో ఉండగా దెబ్బ తగిలిందని మాత్రం అందరూ అన్నారు. లారీలో తీసుకొచ్చారు. పొద్దున్నే వచ్చింది ఆ లారీ. వాడ మొగదలలోనే ఆగిపోయింది, ఎందుకంటే వీధి నడుమ పడుగు పరిచి ఉంది. నేసే ముందు పడుగును, అంటే బట్టకు నిలువుగా పోయే నూలును, వీధి పొడుగునా కట్టి, గంజి పట్టించి కుంచెలతో దువ్వుతారు. పొద్దున పూట ఏ నేతవాడలోనైనా ఉండే పనే. పడుగును ఎవరూ దాటరు. పిల్లలు దాటరు, సావుకారి దాటడు. ఎంత తొందర ఉన్నా చివరిదాకా నడిచి చుట్టూ తిరిగి రావాలి. అది మా వాళ్లు నూలుకు చేసే మర్యాద.

అన్నను మంచం మీద మోసుకొస్తున్నారు. పడుగు అవతల వాళ్లు, ఇవతల మా ఇల్లు. మోసేవాళ్లు ఆగిపోయారు. గంజి పడుతున్నవాళ్లు కుంచెలు కింద పెట్టారు. ఒకరు పోయి చివర కట్టిన తాడు వదులు చేశారు. మిగతావాళ్లు పడుగు కిందికి చేతులు పెట్టి, కర్రలతో సహా, దాన్ని తలల మీదికి ఎత్తారు. వీధి పొడుగునా అందరి చేతులూ పైకి లేచి ఉన్నాయి. గంజి నీళ్లు వాళ్ల మోచేతుల నుంచి కారుతున్నాయి. ఆ చేతుల కింద నుంచి, ఆ తడి నూలు కింద నుంచి అన్న ఇంటికి వచ్చాడు.

నేను గడప పక్కన రాట్నం ముందు ఉన్నాను. మంచం గడపలోకి వచ్చింది. మగ్గం చప్పుడు లేదు. నేను లేచి, నడుము వంచకుండా, నిలబడి దండం పెట్టాను. ఇంటికి ఎవరు వచ్చినా పెట్టేది నేనే కదా. నాకు ఇంకేమీ తోచలేదు.

లారీలో వెంట వచ్చిన మేనత్త నా చేతులు పట్టుకుని కిందికి గుంజింది. "సావు ఇంట్ల దండం పెట్టరే పిచ్చిదానా. దించు."

దించాను. మంచం పక్కకు వేలాడుతున్న అన్న చెయ్యి నా కళ్ల ముందు నుంచి పోయింది. పిడికిలి లేదు. చెయ్యి తెరుచుకుని ఉంది. అందులో ఏమీ లేదు.

నేను ఏడ్వలేదు. అందరూ నన్ను చూసి ఏడ్చారు. నేను పోయి రాట్నం ముందు కూర్చున్నాను. అన్నను తీసుకుపోయాక కూడా అక్కడే కూర్చున్నాను. దినాలు అయిపోయాయి, చుట్టాలు పోయారు. సావు ఇంటి నుంచి పోయేటప్పుడు పోయొస్తాం అనకూడదు కాబట్టి ఎవరూ ఏమీ అనకుండా లేచి వెళ్లారు. నాయిన మళ్లీ మగ్గం గుంతలోకి దిగాడు. నేను కండెలు చుట్టాను. పెట్టిన అన్నం తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. నూలు వేళ్ల మధ్య నుంచి పోతుంటే వేళ్లు కోసుకుపోయేవి. నొప్పి తెలిసేది కాదు.

ఇంటికి మళ్లీ మనుషులు రావడం మొదలయింది. నాయిన మగ్గం ఆపలేదు. కులపెద్ద వచ్చినా ఆపలేదు. నేను లేవలేదు. దండం పెట్టొద్దని చెప్పినవాళ్లు ఉన్నారు గానీ, ఇక పెట్టొచ్చు అని చెప్పినవాళ్లు లేరు. వచ్చినవాళ్లు కాసేపు గడపలో నిలబడి, అమ్మతో రెండు మాటలు మాట్లాడి పోయేవాళ్లు. పాపం, వాళ్లకు తెలుసు కాబట్టి ఏమీ అనుకోలేదు. సావుకారి అనుకున్నాడు. ఒకసారి వచ్చి నిలబడి చూసి పోయాడు. ఇంకోసారి వచ్చినప్పుడు అమ్మను పిలిచాడు.

"మొగోడు మగ్గం ఆపడు. చిన్న పిల్ల గూడ లేస్తలేదు. పోయినోడు నేర్పి పోయిండా ఏంది? వచ్చే అంగడి నాడు వస్త. అప్పటికి గూడ నేను మీ కండ్లకు ఆనకుంటె, నూలు ఇంకో ఇంటికి పోతది."

నూలు రాకపోతే మగ్గం ఆగిపోతుంది. మగ్గం మీద తప్ప మా నాయిన ఇంకెక్కడా బతికి ఉన్నట్టు లేడు. అమ్మకు ఆ భయం. నాయినను అడిగే ధైర్యం లేక నన్ను పట్టుకుంది. నా ముందు కూర్చుని, నా రెండు చేతులు తీసుకుని దగ్గరికి చేర్చేది. "ఒక్కసారి పెట్టు బిడ్డా. గంతే, ఒక్కసారి," అనేది. నాకు పెట్టొద్దని ఏమీ లేదు. అమ్మ వదలగానే చేతులు ఒళ్లో పడిపోయేవి. అవి వేరేవాళ్ల చేతుల్లాగా ఉండేవి.

ఇన్ని రోజులూ మా గడపకు తప్పకుండా వస్తున్నది చాచా ఒక్కడే. మధ్యాహ్నం నమాజు చదువుకుని వస్తూ మా ఇంటి ముందు ఆగేవాడు. నాకు సలాం చేసేవాడు. నేను చిన్నదాన్ని, అయినా ముందుగా ఆయనే చేసేవాడు. కాసేపు నిలబడి పోయేవాడు. అమ్మ నా చేతులు జోడిస్తుండగా ఒకసారి చూశాడు.

"ఆ పిల్లను గుంజకు చెల్లె. చేతులు యాడికి పోతయి, దాని దగ్గర్నే ఉన్నయి."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నేను చాచాను అడిగాను. అన్న వచ్చిన రోజు తర్వాత నేనై అడిగిన మొదటి మాట అదే. "సావు ఇంట్ల దండం పెట్టద్దట. నువ్వెందుకు పెడ్తున్నవ్?"

"మా దాంట్ల గట్ల లేదు బిడ్డా. నడుచుకుంట వచ్చెటోడు కూసున్నోళ్లకు ముందుగల సలాం చెయ్యాలె. దానర్థం, నువ్వు సుఖంగ ఉండాలె అని. సుఖంగ లేనోళ్లకే గదా చెప్పాల్సింది. నువ్వు మల్ల పెట్టాలని గాదు. నీకు పెట్టుడు నా పని."

వారానికోసారి జరిగే అంగడి రోజు వచ్చింది. సావుకారి గొడుగు ముడుచుకుంటూ మా గడప ముందుకు వచ్చాడు. అమ్మ లోపలి తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. లోపల మగ్గం ఆడుతూనే ఉంది. సావుకారి గడపలో కాలు పెట్టాడు. మగ్గం ఆగలేదు. నేను లేవలేదు. రాట్నం తిప్పుతూనే ఉన్నాను.

అప్పుడు సావుకారి భుజం వెనుక చాచా కనబడ్డాడు. అరుగు దిగి, కుడుతున్న పని మధ్యలో వచ్చినట్టున్నాడు, చేతిలో పెద్ద కత్తెర ఉంది. దర్జీవాళ్లు కత్తెరను నేల మీద పెట్టరు. మిషను మీద నుంచి కింద పడితే ఎత్తి కళ్లకు అద్దుకుంటారు. అట్లాంటి మనిషి, మోకాళ్ల నొప్పుల మనిషి, మెల్లగా వంగి ఆ కత్తెరను వీధి మట్టిలో పెట్టాడు. లేచి నిలబడ్డాడు. ఏమీ లేని కుడిచేతిని నుదుటి దాకా ఎత్తి, మెల్లగా అన్నాడు.

"సలాం బిడ్డా."

చేతులల్ల ఉన్నది ఇడిశిపెట్టుడు అని ఆయన చెప్పిన మాట అప్పుడు గుర్తుకొచ్చింది. నా చేతుల వైపు చూసుకున్నాను. ఒక చేతిలో రాట్నం పిడి ఉంది. ఇంకో చేతిలో నూలు పోగు ఉంది. అన్నను తీసుకుపోయిన రోజు నుంచి నేను వాటిని వదిలింది అన్నం దగ్గర, నిద్ర దగ్గరే. మనిషి కోసం వదలలేదు. పిడి వదిలాను. పోగు వదిలాను. లేచాను. చెయ్యి నుదుటికి పోయింది.

"సలాం చాచా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. 'చాచా' అనే మాట బయటికి వచ్చిందో లేదో కూడా తెలియదు.

మగ్గం ఆగింది.

ఆ చప్పుడు ఆగిన తర్వాత ఇల్లు ఎంత పెద్దగా ఉందో తెలిసింది. సావుకారి ముఖం మెత్తబడింది. ముందు నిలబడ్డది తనే కదా, మర్యాద తనకే అనుకున్నాడు. "ఆ, ఆ, ఉండనియ్యి, కూసో బిడ్డా," అన్నాడు. అమ్మ గబగబా పీట వేసింది. వెనుక ఎవరున్నారో సావుకారి తిరిగి చూడలేదు. నేసిన బట్ట తీసుకున్నాడు, కొత్త నూలు పంపిస్తానన్నాడు, పోయాడు. చాచా ఎప్పుడో కత్తెర తీసుకుని, మట్టి తుడిచి, కళ్లకు అద్దుకుని, అరుగెక్కాడు. గోడ అవతల మిషను మొదలయింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈసారి అది నవ్వో ఏడుపో నాకు అర్థం కాలేదు.

నాయిన మాత్రం మగ్గం మళ్లీ మొదలుపెట్టలేదు. గుంతలో నుంచి నన్నే చూస్తూ ఉన్నాడు. దగ్గరికి రమ్మన్నాడు. పోయి గుంత అంచున కూర్చున్నాను. కోసుకుపోయిన నా వేళ్లు తీసుకుని చూశాడు.

"ఎవలికి పెట్టినవ్ బిడ్డా?"

"చాచాకు."

"నాకెరుకే," అన్నాడు.

"మరి నువ్వు ఎవలికోసం ఆపినవ్? సావుకారికా?"

నాయిన నా వేళ్లనే చూస్తూ ఉన్నాడు. "నీ గొంతు ఇనవడ్డది," అన్నాడు.

మగ్గం ఆపేది ఇంటికి వచ్చిన పెద్దవాళ్ల కోసం. పిల్లల కోసం ఎవరూ ఆపరు. నా కోసం మగ్గం ఆగింది ఆ ఒక్కసారే. నేను అప్పుడు కూడా ఏడ్వలేదు. కానీ వేళ్లు నొప్పి పెడుతున్నాయని తెలిసింది. ఆ సంగతి నాయినకు చెప్పాను. నాయిన ఆముదం తెమ్మని అమ్మను కేకేశాడు.

తర్వాత నాకు పెళ్లయి కోరుట్ల వచ్చాను. మగ్గం పోయి ఒళ్లోకి బీడీలు చుట్టే చాట వచ్చింది. చాచా పోయి చాలా కాలమయింది, నాయిన కూడా పోయాడు. అన్న కావాలన్న తెలంగాణ ఆఖరికి వచ్చింది. ఆ రోజు అందరూ వీధుల్లో పిడికిళ్లు ఎత్తారు. నేను గడపలో నిలబడి చెయ్యి తెరిచి నుదుటికి పెట్టుకున్నాను. ఎవరికి పెడుతున్నావని ఎవరూ అడగలేదు.

ఇప్పుడు మా గడపలోకి ఎవరు వచ్చినా, పక్కింటి పిల్ల గ్లాసెడు చక్కెర కోసం వచ్చినా, నేను పని ఆపుతాను. తునికాకు, దారం, కత్తెర, అన్నీ చాటలో నుంచి తీసి నేల మీద పెడతాను. మా కోడలికి ఇది నచ్చదు. "పోరగాండ్లకు గూడ పని ఆపుతవేందత్తా, బీడీలు తక్కువ వడ్తయి," అంటుంది. పడితే పడనీ అంటాను. ఆ పిల్లకు ముందుగా నేనే సలాం చేస్తాను. ఆ పిల్ల నవ్వి తన చేతిని జోరుగా నుదుటికి కొట్టుకుంటుంది. జర మెల్లగ బిడ్డా అంటాను. చెయ్యి ఎత్తడానికి నేనేమీ కష్టపడను. కత్తెర కింద పెట్టాక అది దానంతట అదే లేస్తుంది.